బహుమతిగా గాలం కర్ర: ఇంట్లో ఎందుకు కట్టాలి? ఎలా కట్టాలి?

కృష్ణా పశ్చిమ డెల్టాలో నీటికి దూరంగా ఉన్న ఊరు దొరకడం కష్టం. తెనాలి నడుమ నుంచే మూడు కాలువలు పోతాయి. బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు వెళితే సూర్యలంక సముద్రం. రేపల్లె దగ్గర పెనుమూడికి చేరేసరికి కృష్ణమ్మ సముద్రపు పోటుపాట్లకు లోబడి పారుతుంది. ఇన్ని నీళ్ల మధ్య పుట్టి పెరిగిన మనిషికి గాలం మీద మక్కువ ఉండడంలో వింత లేదు. అలాంటి నాన్నకో, బాబాయికో, మేనల్లుడికో, స్నేహితుడికో తన చేత్తో కట్టిన కర్ర ఇవ్వాలనుకునేవారికి తరచుగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు చెబుతాను. వెదురుతో చేసే మన గాలం కర్ర గురించీ, పాశ్చాత్య దేశాల్లో పుట్టి ఇప్పుడు మన దేశంలోనూ కొందరు వాడుతున్న ఫ్లై రాడ్ గురించీ రెండూ చెబుతాను. రెండింటికీ మూలసూత్రం ఒకటే: కర్ర ఒక చేతికి, ఒక నీటికి సరిపోవాలి.

కొట్లో దొరుకుతుండగా ఇంట్లో కట్టడం ఎందుకు?

కొట్లో కర్ర అందరికోసం చేసింది. పట్టుకునే చోటు సగటు అరచేతికి, పొడవు సగటు మనిషికి, బిరుసు సగటు చేపకు సరిపోయేలా ఉంటుంది. మనం బహుమతి ఇచ్చేది సగటు మనిషికి కాదు. కీళ్లనొప్పులతో పిడికిలి గట్టిగా బిగించలేని పెద్దాయనకు లావైన, మెత్తని పట్టు కావాలి. పదేళ్ల పిల్లకు ఐదారడుగుల తేలికపాటి కర్ర కావాలి. ఎడమచేతి వాటం మనిషికి ఏది అనువో అతణ్ణి చూస్తేనే తెలుస్తుంది. ఈ తేడాలన్నీ పట్టించుకోగలిగేది ఆ మనిషిని ఎరిగినవాళ్లే.

ఇంకో కారణం మరమ్మతు. కట్టినవాడికి కర్రలో ప్రతి చుట్టూ తెలుసు. ఐదేళ్ల తర్వాత ఒక ఉంగరం ఊడినా, కొస విరిగినా మళ్లీ సరిచేసి ఇవ్వగలడు. అంటే ఆ బహుమతి ఇచ్చిన రోజుతో అయిపోదు.

మొదలుపెట్టే ముందు ఏం తెలుసుకోవాలి?

ముందు చెయ్యి. కర్ర పట్టుకున్నప్పుడు వేళ్ల కొనలు బొటనవేలి కింది కండను కొద్దిగా తాకాలి. బాగా లోపలికి గుచ్చుకుంటే పట్టు సన్నం, అసలు తాకకపోతే లావు. ఒక గుండ్రటి కర్రకు గుడ్డ చుట్టుకుంటూ, ఆ మనిషికి ఏ లావు దగ్గర హాయిగా ఉందో చూసి చుట్టుకొలత రాసుకోండి.

తర్వాత నీరు. తెనాలి కాలువ గట్టున నిలబడితే తల మీద చెట్ల కొమ్మలుంటాయి, పక్కన కరెంటు తీగలుంటాయి, వెనకాల రోడ్డు ఉంటుంది. అక్కడ పరిగెలు, జెల్లలు, గురకలు పట్టడానికి ఎనిమిది నుంచి పదడుగుల కర్ర చాలు. కొస సన్నగా ఉండాలి. చిన్న చేప ఎరను ముట్టినప్పుడు ఆ చిన్న కదలిక చేతికి తెలియాలంటే సన్నని కొసే చెప్పగలదు.

గుర్రపుడెక్క పట్టిన మడుగులో కొరమీనుకైతే ఈ లెక్క మారిపోతుంది. కొరమీను గాలం మింగగానే మొక్కల వేళ్లలోకి దూరుతుంది. దానికి ఆ అవకాశం ఇవ్వకుండా వెంటనే పైకి లేపాలి. అందుకు మొదలు దగ్గర బిరుసైన కర్ర, లావు దారం కావాలి.

సూర్యలంక ఒడ్డున గాలి ఎక్కువ, చేప దూరంలో ఉంటుంది, పైగా ఉప్పు. అక్కడికి వెళ్లే కర్రకు బలమూ పొడవూ కావాలి. దాని మీది ప్రతి లోహపు ముక్కా తుప్పుపట్టనిదై ఉండాలి. పెనుమూడి వైపు ఉప్పూ తీపీ కలిసిన నీటిలో పండుగప్ప ఉంటుంది. దాని మొప్పల అంచు కత్తిలా పదును, సన్నని దారాన్ని ఇట్టే కోసేస్తుంది. కాబట్టి గాలానికి ముందు ఒక మూర లావు దారం వేయాలి, ఆ చేప బరువును మోసే కొస చెయ్యాలి. ఒకే కర్ర ఈ నాలుగు చోట్లా పనికివస్తుందనుకుంటే నాలుగు చోట్లా ఇబ్బందే.

గాలం కర్ర అసలు వంగడం ఎందుకు?

చేప ఒక్కసారిగా గుంజినప్పుడు ఆ ఊపు ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. కర్ర వంగకపోతే అది దారం మీద పడి దారం తెగుతుంది, లేదా చేప నోరు చీలి గాలం ఊడివస్తుంది. వంగే కర్ర ఆ గుంజును కొంచెం కొంచెంగా మింగి, మళ్లీ తిన్నబడుతూ చేపను అలసిపోయేలా చేస్తుంది. అందుకే మొదలు లావుగా, కొస సన్నగా ఉండాలి. చిన్న బరువుకు కొస మాత్రమే వంగుతుంది. బరువు పెరిగేకొద్దీ వంపు మొదలు వైపు దిగుతుంది.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటుంది. గట్టి కర్ర బిరుసు దాని మందానికి నాలుగో ఘాతం చొప్పున మారుతుంది. పది శాతం సన్నబడితే బిరుసులో దాదాపు మూడో వంతు పోతుంది. గరుకు కాగితంతో అందంగా నున్నబడాలని ఒకేచోట ఎక్కువసేపు రుద్దినవాళ్ల కర్ర సరిగ్గా అక్కడే విరుగుతుంది.

వెదురే ఎందుకు?

వెదురులో బలమైన నారలు పై చర్మానికి దగ్గరగా ఒత్తుగా ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ పలచబడి మెత్తని గుజ్జు మిగులుతుంది. వంగే కర్రలో ఎక్కువ బరువు మోసేది పై పొరే కాబట్టి, బలం ఎక్కడ కావాలో అక్కడే ఉన్నట్టయింది. అందుకే వెదురును ఎప్పుడూ పైనుంచి చెక్కకూడదు. కణుపుల మీది గరుకును తేలికగా రుద్దడం తప్ప చర్మాన్ని ముట్టుకోకూడదు.

ఈ గుణాన్ని లోకం ఎప్పుడో గుర్తించింది. 1840ల్లో అమెరికాలోని ఈస్టన్ పట్టణంలో తుపాకులు చేసే శామ్యూల్ ఫిలిప్ వెదురును బద్దలుగా చీల్చి, అతికి, చేపల కర్రలు చేశాడు. 1870ల్లో హిరామ్ లెనర్డ్ ఆరు బద్దల కర్రలను పెద్ద ఎత్తున తయారుచేయసాగాడు. ఆ రోజుల్లో వాళ్లు వాడినది కలకత్తా రేవు నుంచి ఓడలెక్కిన మన దేశపు వెదురే. దాన్ని అక్కడ కలకత్తా కేన్ అనేవారు. తర్వాత దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు టోన్కిన్ వెదురు దాని స్థానంలోకి వచ్చింది. 1950లో అమెరికా చైనాతో వ్యాపారం ఆపేయడంతో ఆ వెదురు రాక నిలిచిపోయి, గాజునారతో చేసిన కర్రలకు గిరాకీ పెరిగింది. 1970ల్లో కార్బన్ నార వచ్చింది. ఇప్పుడు అమ్ముడయ్యే ఫ్లై రాడ్లలో ఎక్కువ భాగం అదే.

వెదురు ఎక్కడ దొరుకుతుంది? ఏది ఎంచుకోవాలి?

మేదరుల దగ్గర అడగండి. నిచ్చెనలకూ, పందిళ్లకూ, అరటి గెలల పోట్లకూ గెడలు అమ్మేచోట సన్నవి కూడా ఉంటాయి. గాలం కర్రకు లోపల గుల్ల తక్కువ, గోడ దట్టం, కణుపులు దగ్గరదగ్గరగా ఉన్న గెడ కావాలి. మొదలు దగ్గర సుమారు 25 మిల్లీమీటర్లు, కొసన నాలుగైదు మిల్లీమీటర్లు ఉంటే పదడుగుల కర్రకు సరిపోతుంది. మూడు నాలుగేళ్ల ముదురు వెదురే తీసుకోవాలి. లేత వెదురు ఆరాక ముడుచుకుని వంకరపోతుంది. ముదురుదాన్ని తడితే కంగుమంటుంది. ఈ తేడా మేదరి చెవికి వెంటనే తెలుస్తుంది, ఆయన మాట వినడం మేలు.

పెరట్లో వెదురు పొద ఉంటే ఇంకా మంచిది. 2017లో అటవీ చట్టాన్ని సవరించి అడవి బయట పెరిగిన వెదురును చెట్ల లెక్కలోంచి తీసేశారు. చలికాలంలో కొట్టండి. అప్పుడు గెడలో పిండి పదార్థం తక్కువగా ఉంటుంది. వెదురును పొడిచేసే పుచ్చుపురుగు వచ్చేది ఆ పిండి కోసమే. కొట్టిన గెడను రెండు మూడు వారాలు నీటిలో నానవేస్తే మిగిలిన పిండి కూడా చాలావరకు కరిగిపోతుంది.

వెదురు గాలం కర్ర ఎలా కట్టాలి?

నానిన గెడను నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే పై చర్మం ముందే ముడుచుకుని చీలుతుంది. చూరు కింద కొస పైకి కట్టి, మొదలుకు ఒక ఇటుక వేలాడదీస్తే ఆరుతూనే కొంత తిన్నబడుతుంది. రెండు మూడు నెలలు పడుతుంది. తొందరపడకండి. పచ్చి వెదురును నిప్పు మీద పెడితే కణుపుల మధ్య బిగిసిన గాలి, ఆవిరి కలిసి పేలే ప్రమాదం కూడా ఉంది.

ఆరిన గెడను వంకర ఉన్నచోట బొగ్గుల సెగ మీద తిప్పుతూ వేడిచేయండి. ఒకేచోట నిలపవద్దు. వెదురులో నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం వేడికి మెత్తబడుతుంది. అప్పుడు మోకాలికి ఆనించి నెమ్మదిగా తిన్నగా వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకుంటే ఆ ఆకారం నిలుస్తుంది. చల్లారకముందే వదిలితే పాత వంకర తిరిగి వస్తుంది.

తర్వాత దారం చుట్లు. ప్రతి కణుపుకు అటూ ఇటూ, కొసన, చేతి పట్టు పైన అంగుళం మేర బిగుతుగా నూలు లేక పట్టుదారం చుట్టాలి. ఇవి అలంకారమే అనుకుంటారు కానీ వెదురు నిలువునా చీలకుండా ఆపేది ఇవే. కొసన పురిదారంతో చిన్న ఉచ్చు చేసి ఆ చుట్ల కిందే బిగిస్తే గాలం దారం కట్టడానికి వీలు. దారాన్ని కొసనే కట్టి ఊరుకోకుండా, కర్ర వెంట కిందికి తెచ్చి నడిమిలో మరో ముడి వేయండి. పెద్ద చేప పడి కొస విరిగినా దారం చేతిలోనే ఉంటుంది.

చివరగా వార్నిష్ మూడు పూతలు, పలచగా. ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది. కోసిన మొదలు చివరనూ, కొసనూ మరవకండి, తేమ లోపలికి ఎక్కేది అక్కడినుంచే. పట్టు దగ్గర నూలుతాడు వరసగా చుట్టి, మీరు రాసుకున్న చుట్టుకొలతకు తేవాలి. బస్సులోనో, గుంటూరు–రేపల్లె రైల్లోనో తీసుకెళ్లాలంటే కర్రను రెండు ముక్కలు చేసి, లేతు పనివాళ్లతో ఇత్తడి గొట్టం జాయింటు చేయించుకోవచ్చు. గొట్టం కూర్చునేచోట వెదురును సన్నం చేయకండి, గొట్టాన్నే వెదురుకు తగ్గట్టు తీయించండి.

ఫ్లై రాడ్‌కూ దీనికీ తేడా ఏమిటి?

మామూలు గాలంలో ఎర, సీసం బరువుగా ఉంటాయి. ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎర ఈకలతో, దారంతో, వెంట్రుకలతో కట్టిన పురుగు బొమ్మ. దానికి చెప్పుకోదగ్గ బరువే ఉండదు. అక్కడ బరువు దారానిది. ఎడ్లబండి తోలేవాడు చెర్నాకోల ఝళిపించినట్టు కర్రతో ఆ బరువైన దారాన్ని వెనక్కీ ముందుకీ ఊపితే, అది మెలి విప్పుకుంటూ వెళ్లి చివరన ఉన్న ఎరను నీటిమీద మెల్లగా దింపుతుంది.

కాబట్టి ఫ్లై రాడ్ ఎంచుకునేది దారపు బరువును బట్టి. 1961లో స్థిరపడిన ప్రమాణం ప్రకారం దారపు మొదటి ముప్పై అడుగుల బరువును బట్టి నంబరు ఇస్తారు. అయిదో నంబరు దారం ఆ మేరకు దాదాపు 9 గ్రాములు తూగితే, ఎనిమిదో నంబరుది 13.6 గ్రాములు. చిన్న పరిగెలకు మూడో నంబరు సరదాగా ఉంటుంది. కొరమీనుకు కప్ప బొమ్మ విసరడానికి ఏడు లేక ఎనిమిది, పండుగప్పకూ సముద్రపు గాలికీ ఎనిమిది లేక తొమ్మిది కావాలి. కొండవాగుల ట్రౌట్ చేపల కోసం అమెరికాలో ఉన్న అన్నయ్యకు పంపాలంటే తొమ్మిదడుగుల అయిదో నంబరు సర్వసాధారణం. నాలుగు ముక్కలది తీసుకుంటే ఒక్కో ముక్క రెండడుగులకు పైగా ఉంటుంది, పెద్ద సూట్‌కేసులో ఒదుగుతుంది.

ఫ్లై రాడ్‌ను ఇంట్లో ఎలా కట్టాలి?

కార్బన్ లేక గాజునార గొట్టాన్ని ఇంట్లో చేయలేం. దాన్ని బ్లాంక్ అంటారు, కొనుక్కోవాలి. కార్క్ పట్టు, రీలు కూర్చునే సీటు, దారం నడిచే గైడ్లు, కొస ఉంగరం, చుట్టే నైలాన్ దారం, రెండు డబ్బాల ఎపాక్సీ కూడా తెప్పించుకోవాలి. మిగిలిన పనంతా మీ చేతుల్లో ఉంది.

మొదట బ్లాంక్‌కు ఏ వైపు బిరుసుందో కనిపెట్టాలి. నార చుట్టి చేసిన గొట్టం కాబట్టి ఒక పక్క కొంచెం మందం ఉంటుంది. మొదలును బల్ల మీద ఆనించి, కొసను చేత్తో కొద్దిగా వంచి దొర్లిస్తే ఒకచోట అదే ఆగి కుదురుకుంటుంది. ఆ గీతను పెన్సిలుతో గుర్తుపెట్టి, అన్ని ముక్కల్లోనూ గైడ్లు దాని వరసలోనే పెట్టండి.

తర్వాత సీటు, పట్టు. బ్లాంక్‌కూ సీటుకూ మధ్య ఖాళీని కాగితపు టేపు చుట్టలతో నింపి, ఆ చుట్టల మధ్య సందుల్లో ఎపాక్సీ నిండేలా అతికించాలి. కార్క్‌ను ఆ మనిషి చేతి కొలతకు గరుకు కాగితంతో రుద్దుకోవచ్చు. కొట్టు కర్రకు లేని వసతి ఇది.

గైడ్లు తొమ్మిదడుగుల కర్రకు కొస ఉంగరం కాక తొమ్మిది పది ఉంటాయి. కొస దగ్గర నాలుగైదు అంగుళాల దూరంతో మొదలై, కిందికి వచ్చేకొద్దీ ఎడం పెరుగుతుంది. టేపుతో తాత్కాలికంగా అంటించి, దారం ఎక్కించి, కర్రను వంచి చూడండి. దారం ఎక్కడైనా కర్రను రాసుకుంటుంటే ఒక గైడ్ జరపాలి. గైడ్ పాదం చివరలను ఆకురాయితో వాలుగా అరగదీస్తే దారం మెట్టు లేకుండా దాని మీదికి ఎక్కుతుంది. కొస ఉంగరాన్ని మాత్రం వేడికి కరిగే జిగురుతోనే అతికించండి. ఎప్పుడైనా విరిగితే అగ్గిపుల్ల సెగకే ఊడి, కొత్తది పెట్టుకోవచ్చు.

దారం చుట్టడం ఎలా? ముడి ఎలా దాచాలి?

మొదటి కొనను నాలుగైదు చుట్ల కింద అణచివేస్తే అక్కడికి ముడి అక్కరలేదు. తర్వాత కర్రను తిప్పుతూ చుట్టుకు చుట్టు ఆనేలా వేసుకుంటూ పోవాలి. దారం బిగుతును సమంగా ఉంచడానికి దాన్ని ఒక లావు పుస్తకం పేజీల మధ్య నుంచి తీయడం చాలు. ముగియడానికి ఆరేడు చుట్ల ముందు వేరే దారాన్ని మడిచి ఉచ్చులా కర్ర మీద పెట్టి, దానిపై మిగిలిన చుట్లు వేయాలి. దారం కొనను ఆ ఉచ్చులో దూర్చి, ఉచ్చును వెనక్కి లాగితే కొన చుట్ల కిందికి దూరిపోతుంది. మిగిలిన తోకను పదును బ్లేడుతో కోసేయాలి. రెండు ముక్కలు కలిసేచోట లోనికి తీసుకునే గొట్టం అంచుకూ తప్పకుండా ఒక చుట్టు వేయండి. కర్ర వంగినప్పుడు అక్కడ చీలిక మొదలుకాకుండా ఆపేది అదే.

రంగు విషయంలో ఒక హెచ్చరిక. మామూలు నైలాన్ దారం ఎపాక్సీ తాగాక పారదర్శకమైపోయి రంగు నల్లబడుతుంది. తెలుపైతే మాయమవుతుంది. మీరు ఎంచుకున్న రంగు నిలవాలంటే ముందుగా రంగు నిలిపే ద్రవం పూయాలి, లేదా అందుకోసమే చేసిన దారం కొనాలి.

మన వాతావరణంలో ఎపాక్సీ ఎందుకు మొండికేస్తుంది?

రెండు కారణాలు. ఒకటి ఎండ. మే నెల వేడిలో కలిపిన ఎపాక్సీ చాలా త్వరగా చిక్కబడుతుంది. కొంచెం కొంచెంగా కలపండి, కలపగానే గిన్నెలో ఉంచకుండా రేకు కాగితం మీద పలచగా పోయండి. గిన్నెలో కుప్పగా ఉంటే తన వేడికి తానే ఇంకా త్వరగా గట్టిపడుతుంది. రెండోది తేమ. వానాకాలంలో మన డెల్టా గాలికి పూత మీద జిడ్డులాంటి పొర ఏర్పడి మసకబారుతుంది. వాన లేని పొడి రోజు చూసుకుని, తలుపులు వేసిన గదిలో ఫ్యాను ఆపి పూయండి.

ఎపాక్సీ కోసం కలిపే రెండు ద్రవాలూ సమానంగా ఉండాలి. చూపు అంచనాకు వదిలేయకుండా మందులషాపులో దొరికే రెండు సిరంజీలతో కొలవండి. వాటిని ఎప్పుడూ మార్చుకోకండి. నెమ్మదిగా కలిపితే బుడగలు తక్కువ. పూసిన తర్వాత కర్రను గంటల తరబడి తిప్పుతూ ఉండాలి, లేకపోతే పూత కిందికి జారి బొట్లు కడుతుంది. నిమిషానికి ఏడెనిమిది సార్లు తిరిగే చిన్న మోటారు ఉంటే సుఖం. లేనివాళ్లు మొదటి రెండు మూడు గంటలు కొద్ది నిమిషాలకోసారి సగం తిప్పుతూ కూర్చోవచ్చు. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ఎపాక్సీ పదేపదే తగిలితే కొందరికి చర్మం జీవితాంతం దాన్ని భరించలేని స్థితికి వస్తుంది.

చీల్చిన వెదురుతోనే ఫ్లై రాడ్ కట్టకూడదా?

కట్టవచ్చు. వెదురును ఆరు బద్దలుగా చీల్చి, ఒక్కోదాన్ని 60 డిగ్రీల త్రికోణంగా లోపలివైపు నుంచి మాత్రమే చిత్రిక పట్టి, ఆరింటినీ కలిపి అతికితే ఆరు పలకల కర్ర తయారవుతుంది. కణుపులు ఒకదాని పక్కన ఒకటి రాకుండా బద్దలను ముందువెనకలుగా జరపాలి. మిల్లీమీటరులో పదో వంతు తేడా కూడా వంపును మార్చేస్తుంది కనుక ఉక్కు అచ్చు, పదునైన చిత్రిక, ఓర్పు మూడూ కావాలి. రెండు మూడు మామూలు కర్రలు కట్టాక దీనికి పూనుకోండి.

ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి?

గుడ్డ సంచి కుట్టి, అందులో పెట్టి ఇవ్వండి. మూడు మాటలు తప్పకుండా చెప్పండి. కార్బన్ కర్రలో కరెంటు పారుతుంది, తడిసిన వెదురులోనూ పారుతుంది. కరెంటు తీగల కింద కర్ర ఎత్తవద్దు, పిడుగుల వానలో గట్టు మీద ఉండవద్దు. ఉప్పునీటి నుంచి వచ్చాక మంచినీటితో కడిగి, తుడిచి, ఆరాకే సంచిలో పెట్టాలి. చెరువులు పెంపకందార్లవి, అడగకుండా గాలం వేయకూడదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

వేసవిలో కాలువలు కట్టేస్తారు, వానాకాలం మొదట్లో వదులుతారు. వెదురు కర్రకు చలికాలంలో గెడ కొడితే ఎండాకాలం నాటికి ఆరి, కాలువల్లోకి నీరు వచ్చేసరికి చేతికి అందుతుంది. ఫ్లై రాడ్‌కు సామాన్లు వచ్చాక సాయంత్రాల్లో కూర్చుంటే రెండు మూడు వారాలు. రెండింటికీ తొలి పని మాత్రం ఒకటే. ఇప్పుడే వెదురు కొనకండి, బ్లాంక్ కూడా కొనకండి. ముందు మీరు కర్ర ఇవ్వాలనుకున్న మనిషితో కలిసి ఒక పూట గట్టు మీదికి వెళ్లండి. ఆయన ఎక్కడ నిలబడతాడో, ఏ చేత్తో పడతాడో, ఎంతసేపటికి చెయ్యి మార్చుకుంటాడో, ఏ చేప గురించి ఎక్కువ మాట్లాడతాడో గమనించండి. కర్రకు కావలసిన కొలతలన్నీ ఆ పూటే దొరుకుతాయి.